పసిబిడ్డ కింద పడి తలకు దెబ్బ తగిలితే గమనించవలసినవి

అందరికీ నమస్కారం. బిడ్డ బోర్లా పడడం నేర్చిన రోజు నుంచి ఇంట్లోని మంచాన్నీ సోఫానూ నమ్మడానికి ఉండదు. మా పాప తొమ్మిదో నెలలో సోఫా మీద నుంచి జారి పడింది. నుదురు నేలకు తగిలి, చూస్తుండగానే ఉసిరికాయంత బొప్పి కట్టింది. పెద్దవాళ్లెవరూ దగ్గర లేని పరాయి దేశంలో మా ఇద్దరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ పూట ఫోన్‌లో నర్సు చెప్పిన విషయాలూ, తర్వాత పిల్లల డాక్టరు వివరించిన కారణాలూ ఈ వీడియోలో చెబుతాను.

నర్సు బొప్పి సంగతి చివర్లో గానీ అడగలేదు. పడగానే ఏడ్చిందా, ఎంత ఎత్తు నుంచి పడింది, ఎత్తుకుంటే ఊరుకుందా, పాలు తాగిందా, మిమ్మల్ని గుర్తుపట్టి చూస్తోందా అని వరుసగా అడిగారు. తల మీద చర్మం కింద రక్తనాళాలు చాలా ఎక్కువ కాబట్టి చిన్న దెబ్బకే పెద్ద బొప్పి కడుతుందనీ, నుదుటి మీది బొప్పి కంటే చెవి పైభాగంలోనో తల వెనుకనో మెత్తగా ఉబ్బిన వాపు గురించి ఎక్కువ ఆలోచించాలనీ డాక్టరు తర్వాత చెప్పారు. ముఖ్యంగా ఏడాది నిండని పిల్లల్లో ఆ వాపు చిన్నగా కనిపించినా చూపించవలసిందే. మూడు నెలల లోపు బిడ్డయితే ఇంట్లో తర్జనభర్జనలు పడకుండా వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

తలకు దెబ్బ తగిలిన నలభై రెండు వేల మందికి పైగా పిల్లలను పరిశీలించి 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన పెకార్న్ (పిల్లల అత్యవసర వైద్యంపై పరిశోధించే అమెరికా బృందం) అధ్యయనం ఆధారంగా చాలామంది డాక్టర్లు సీటీ స్కాన్ అవసరమా కాదా అని నిర్ణయిస్తారు. రెండేళ్ల లోపు పిల్లల విషయంలో అందులో చూసే అంశాలలో అయిదు సెకన్లు లేదా అంతకంటే ఎక్కువసేపు స్పృహ తప్పడం, మూడడుగులకు మించిన ఎత్తు నుంచి పడడం వంటివాటితో పాటు, బిడ్డ ఎప్పటిలా లేదని తల్లిదండ్రులకు అనిపించడం కూడా ఉంది. అందువల్ల "ఎందుకో పాప తేడాగా ఉంది" అని చెప్పడానికి మొహమాటపడవద్దు. అలాంటి తీరు కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి చూపించడం ఇంకా మంచిది. ఎత్తు విషయంలో మరొక మాట: నిలబడి ఉన్న పెద్దవాళ్ల చంకలోంచి జారితే అది సాధారణంగా మూడడుగులకు మించిన ఎత్తు నుంచి పడడమే అవుతుంది. స్కాన్‌లో రేడియేషన్ ఉంటుంది కనుక, అనుమానం తక్కువగా ఉన్నప్పుడు కొన్ని గంటలు కనిపెట్టుకుని చూడడమే డాక్టర్లు ఎంచుకుంటారు. "స్కాన్ తీయలేదేమిటి" అని నేను కూడా మొదట విసుక్కున్నాను.

ఇంట్లో చేయగలిగింది కొద్దిగానే ఉంది. మంచు ముక్కలను పలుచని గుడ్డలో చుట్టి, బిడ్డ ఒప్పుకున్నంత సేపు, మధ్యమధ్య ఆపుతూ బొప్పి మీద ఆనించాలి. బొప్పిని రుద్దకూడదు, నొక్కకూడదు. నొప్పికి పారాసిటమాల్‌ను బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వనే కూడదు.

అందరూ భయపడేది నిద్ర గురించి. మా అత్తయ్యగారు వీడియో కాల్‌లో "తెల్లవార్లూ నిద్రపోనివ్వకమ్మా" అని ఒకటే హెచ్చరించారు. ఏడుపు ఆపి, పాలు తాగి, ఎప్పటిలా ఆడుకున్న బిడ్డ తన నిద్ర వేళకు నిద్రపోతే ఆపనక్కరలేదనీ, ఊపిరి సరిగా తీసుకుంటోందా, ఒంటి రంగు మామూలుగా ఉందా, ముట్టుకుంటే కదులుతోందా అని మధ్యలో చూస్తే చాలుననీ నర్సు చెప్పారు. లేపవలసిన అవసరం ఉందేమో మీ డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఎంత లేపినా లేవకపోయినా, మూర్ఛ వచ్చినా, చెవిలోంచో ముక్కులోంచో రక్తం గానీ నీళ్లలాంటి ద్రవం గానీ కారినా, ఏడవని సమయంలో కూడా మాడు ఉబ్బి గట్టిగా ఉన్నా, కనుపాపలు రెండూ ఒకే పరిమాణంలో లేకపోయినా, ఒక చెయ్యో కాలో సరిగా ఆడించకపోయినా ఆలోచించకుండా అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి. గుక్కపట్టి ఏడ్చిన తర్వాత ఒకసారి పాలు కక్కడం మామూలుగా జరిగేదే; మళ్లీ మళ్లీ వాంతులైతే, ఎంతకీ ఏడుపు ఆపకపోతే, పాలు ముట్టకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ కనిపెట్టుకోవడం మొదటి రెండు రోజులు తప్పనిసరి.

మూడో రోజు ఉదయం మా పాప కనురెప్ప ఉబ్బి నీలంగా కనిపించడంతో మళ్లీ ఫోన్ చేశాను. నుదుటి బొప్పిలోని రక్తం కిందికి దిగి రెప్పలో చేరడం వల్ల అలా అవుతుందనీ, పాప హుషారుగా ఉంటే అది ఆకుపచ్చగా, పసుపుగా మారుతూ తగ్గిపోతుందనీ చెప్పారు. రెండు కళ్ల చుట్టూ గానీ చెవి వెనుక గానీ కమిలితే మాత్రం ఫోన్‌తో సరిపెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు.