వెనక నిలబడే కుర్రాడి కోసం

వేదిక మీదున్న పెద్దలకు, సంఘం అధ్యక్షులకు, సెక్రటరీ గారికి, పిల్లల ఫుట్‌బాల్ పోటీల్లో పొద్దున్నుంచి వానలో తడుస్తూ విజిల్ ఊదిన రిఫరీలకు, వెనక గదిలో పులిహోర కలుపుతున్న అక్కలకు, మరీ ముఖ్యంగా ఆ పులిహోర కోసం నా ప్రసంగం ఎప్పుడైపోతుందా అని చూస్తున్న పిల్లలకు నమస్కారం. ‘క్రీడలు, క్రమశిక్షణ’ మీద మాట్లాడమన్నారు సెక్రటరీ గారు. క్రమశిక్షణ సంగతి బడిలో రోజూ వింటూనే ఉంటారు. నేను జెష్ రెహ్మాన్ గురించి చెప్తాను.

ఆయనెవరో తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. రొనాల్డో పేరు చెప్తే పసిపిల్లలు కూడా ఎత్తేవాళ్లు. ఇంగ్లండ్‌లో మనం ఉంటున్న ఈ బ్రాడ్‌ఫర్డ్‌లో, వ్యాలీ పరేడ్ మైదానంలో ఆడినవాడండీ!

1983లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. పాకిస్తాన్ మూలాలున్న కుటుంబం. ఆడేది డిఫెన్స్‌లో, అంటే గోల్ పడకుండా వెనక కాపలా. లండన్ క్లబ్బు ఫుల్‌హామ్ అకాడమీలో పెరిగాడు. 2004లో ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై మెట్టైన ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌కి మొదటి పదకొండు మందిలో దిగాడు. అలా దిగిన తొలి బ్రిటిష్ ఆసియన్లలో ఆయన పేరు చెప్పుకుంటారు. ఇంగ్లండ్ జూనియర్ జట్లకు ఆడి, తర్వాత పాకిస్తాన్ జాతీయ జట్టుకు ఆడాడు. మామూలుగా అయితే కథ ఇక్కడ అయిపోవాలి, మనం చప్పట్లు కొట్టాలి. నాకు ఇష్టమైన కథ ఇక్కడే మొదలవుతుంది.

ఎన్ని క్లబ్బులు తిరిగాడో చూడండి: బ్రైటన్, నార్విచ్, క్వీన్స్ పార్క్ రేంజర్స్, బ్లాక్‌పూల్, 2009లో మన బ్రాడ్‌ఫర్డ్. వీటిలో కొన్ని లోన్ మీద. అంటే కాంట్రాక్ట్ ఒక క్లబ్బుతో, ఆట ఇంకో క్లబ్బుకు. బ్రాడ్‌ఫర్డ్ అప్పుడు లీగ్ టూ, అంటే నాలుగో మెట్టు. అక్కణ్ణుంచి థాయ్‌లాండ్‌లో ముయాంగ్‌థాంగ్ యునైటెడ్, హాంకాంగ్‌లో కిట్చీ, మలేషియాలో పహాంగ్. 2014లో ఆ పహాంగ్ మలేషియా ఎఫ్‌ఏ కప్పూ, మలేషియా కప్పూ రెండూ కొట్టింది. మళ్లీ ఇంగ్లండ్ వచ్చి గిల్లింగ్‌హామ్, మళ్లీ హాంకాంగ్. ఆ సూట్‌కేసు పూర్తిగా ఎప్పుడైనా విప్పాడంటారా?

లీగ్ టూ డిఫెండర్ పని ఎలా ఉంటుందో టీవీలో తెలీదు, కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది. వ్యాలీ పరేడ్‌లో గోలు పక్కన కూర్చుని చూడండి. బంతి అవతలి కొసన ఉన్నా సెంటర్ బ్యాక్, అంటే వెనక మధ్యలో నిలబడే డిఫెండర్, ఊరుకోడు. అరుస్తూనే ఉంటాడు. ఎడమవైపు కుర్రాణ్ణి లోపలికి రమ్మని చెయ్యి ఊపుతాడు, పక్కవాణ్ణి రెండడుగులు ముందుకు నెడతాడు, ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసుకుంటాడు. ఇంతలో గోల్‌కీపర్ కొట్టిన పొడుగు బంతి ఆకాశంలోంచి దిగుతుంది. గోల్ కొట్టడానికొచ్చిన ఎదుటి ఫార్వర్డ్ మోచెయ్యి పక్కటెముకల్లో, వీడి నుదురు బంతి మీద. బంతి బయటికి పోతే ఎవరూ పేరు పెట్టి పిలవరు. పోకపోతే మర్నాడు పేపర్లో పేరు.

ఇవాళ రెండో మ్యాచ్‌లో చక్కగా వెనక నిలబడ్డ ఒక కుర్రాణ్ణి వాళ్ల నాన్నగారు లైన్ పక్కన నిలబడి “ముందుకెళ్లరా, గోల్ కొట్టరా” అని ఒకటే కేకలు. పాపం వాడు వెళ్లాడు. వెనకాల ఎవరూ లేరు, గోల్ పడింది. తర్వాత కోచ్‌ను తిట్టింది కూడా ఆ నాన్నగారే! పేరు చెప్పను, ఆయన నవ్వుతున్నారు. అయ్యా, మీరు కారులో కూర్చుని చూసినా మాకు అభ్యంతరం లేదు.

ఫార్వర్డే ఆటగాడు అనుకునే జబ్బు మనది కాదసలు. మా బాబాయిది హైదరాబాద్, ఫుట్‌బాల్ పిచ్చి. ఆయన నోట సయ్యద్ నయీముద్దీన్ పేరు విననిదే మాకు అన్నం సహించేది కాదు. హైదరాబాద్ డిఫెండర్. కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కీ మోహన్ బగాన్‌కీ ఆడాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన మన జట్టుకు కెప్టెన్ ఆయనే. తర్వాత ఢాకా వెళ్లి అక్కడి క్లబ్బుకు కోచింగ్ కూడా ఇచ్చాడు. మా బాబాయి గోల్స్ లెక్క ఎప్పుడూ చెప్పలేదు. “అతను ఉంటే వెనక భయం లేదురా” అనేవాడు, అంతే.

సెక్రటరీ గారు వాచీ చూపిస్తున్నారు. రెండు నిమిషాలండీ, ఇది డబ్బు విషయం.

ఈ తిరుగుడు ఆటగాళ్ల జీవితం మీద వాళ్ల ప్రపంచ సంఘం ఫిఫ్‌ప్రో 2016లో సర్వే ప్రకటించింది. 54 దేశాల్లో సుమారు 14,000 మందిని అడిగారు. అంతకు ముందు రెండేళ్లలో 41 శాతం మందికి జీతం ఆలస్యమైంది. 45 శాతానికి పైగా నెలకు వెయ్యి డాలర్లు కూడా అందుకోవడం లేదు. సగటు కాంట్రాక్ట్ రెండేళ్లు కూడా లేదు. అందుకే ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే ఫిఫా ఒక రూల్ పెట్టింది: క్లబ్ రెండు నెలల జీతం అన్యాయంగా ఆపితే, ఆటగాడు రాతపూర్వకంగా పదిహేను రోజుల గడువిచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు.

ఇదంతా పిల్లలకెందుకు అంటారా? పోయినేడాది మా వీధిలో ఒకాయనకు ఫోన్ వచ్చింది. “మీ అబ్బాయికి విదేశంలో ట్రయల్, ముందు డబ్బు కట్టండి” అని. అబ్బాయికి పదిహేనేళ్లు. కొన్ని మినహాయింపులు తప్ప 18 నిండకుండా దేశం దాటే బదిలీలు ఫిఫా ఒప్పుకోదు. ఆయన కట్టేశాడు. ట్రయలూ లేదు, ఫోనూ లేదు. అమ్మా, అయ్యా, మీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను, ఎవరైనా డబ్బు అడిగితే ముందు మన కోచ్‌కి చూపించండి. ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్లండి.

ఇక ప్రైజులు. ఇక్కడ టాప్ స్కోరర్ కప్పుంది, బెస్ట్ ప్లేయర్ కప్పుంది. అదీ గోల్ కొట్టినవాడికే పోతుందని మనందరికీ తెలుసు. డిఫెండర్‌కి ఏదీ లేదు. నేనొకటి కొనుక్కొచ్చాను, కారు డిక్కీలో ఉంది. కమిటీని అడగలేదు, అడిగితే వచ్చే ఏడాది చూద్దాం అంటారు. ఇదిగో తాళం, ఎవరైనా వెళ్లి తీసుకురండి. కోచ్ గారూ, పేరు మీరు చెప్పండి. ఆ రెండో మ్యాచ్ కుర్రాడైతే, వాళ్ల నాన్నగారినే పైకి పిలిచి ఇప్పిద్దాం.