సంతకానికి ముందు

అందరికీ నమస్కారం.

అంతర్జాతీయ సంస్థల్లో ఉద్యోగానికి వేరే దేశం వెళ్లాలనుకునేవాళ్లు, ఇప్పటికే ఆఫర్ చేతికొచ్చి ఆలోచనలో పడ్డవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఈ హాల్లో ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. ఇంట్లోవాళ్లు కూడా వచ్చినందుకు చాలా సంతోషం. నేను చెప్పబోయేదాంట్లో సగం వాళ్ల కోసమే.

ఇలాంటి సంస్థల్లో కొత్తగా చేరేవాళ్ల కాగితాలు చూసే పనిలో నేను చాలాకాలం ఉన్నాను. దరఖాస్తు ఎలా నింపాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు అనే సలహాలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. ఎంపికయ్యాక ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

పరాయి దేశంలో ఒక కంపెనీలో చేరితే ఆ దేశపు కార్మిక చట్టం, పన్ను, పెన్షన్, కోర్టు మీకూ వర్తిస్తాయి. చాలా దేశాల్లో కొన్నేళ్లకు శాశ్వత నివాసానికి దారి కూడా దొరుకుతుంది. ఐక్యరాజ్య సమితి లాంటి సంస్థలో చేరితే లెక్క మారిపోతుంది. మీరు జెనీవాలో ఉన్నా నైరోబీలో ఉన్నా మీ ఉద్యోగం ఆ దేశపు కార్మిక చట్టం కిందికి రాదు. మీ జీతం, వీసా, పిల్లల చదువుకిచ్చే డబ్బు, పెన్షన్, అన్యాయం జరిగితే మొరపెట్టుకునే చోటు, అన్నీ ఒక్క సంస్థతోనే ముడిపడి ఉంటాయి. ఈ ముడి ఎంత గట్టిదో తెలిసి వెళ్లాలి, అదీ ఇల్లంతా తెలిసి వెళ్లాలి. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితి తొలి ప్రధాన కార్యదర్శి ఎరిక్ డ్రమండ్ 1919లో బాధ్యతలు తీసుకున్నప్పుడు, ఒక్కో దేశం తన అధికారుల్ని పంపి తనే అజమాయిషీ చేసే పద్ధతి వద్దనుకున్నారు. సిబ్బంది సమితికే జవాబు చెప్పాలన్నారు. 1945 నాటి ఐక్యరాజ్య సమితి చార్టర్ 100వ అధికరణంలో అదే సూత్రం రాసిపెట్టారు: ప్రధాన కార్యదర్శి గానీ సిబ్బంది గానీ ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు కోరకూడదు, తీసుకోకూడదు. సభ్య దేశాలు కూడా వాళ్ల మీద ఒత్తిడి తేకూడదు. తటస్థ దేశాలుంటాయి గానీ తటస్థ మనుషులుండరని సోవియట్ నేత కృశ్చేవ్ అన్నప్పుడు, దానికి జవాబుగా అప్పటి ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షల్డ్ 1961 మే నెలలో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రసంగం చేశారు. ఇలాంటి ఉద్యోగికి సొంత అభిప్రాయాలు ఉండకుండా పోవు, కానీ పనిలో నిజాయితీతో వాటిని అదుపులో ఉంచుకోవడం సాధ్యమేనని ఆయన వాదన. అదే ఏడాది సెప్టెంబరులో, కాంగోలో కాల్పుల విరమణ ప్రయత్నం మీద వెళుతూ ఆఫ్రికాలోని ఎన్‌డోలా దగ్గర విమాన ప్రమాదంలో చనిపోయారు. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లెవరైనా ఆ ప్రసంగం ఒకసారి చదవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

రోజువారీగా దీని అర్థం ఏమిటంటే, చేరిన రోజున మీరొక ప్రమాణం మీద సంతకం పెడతారు. ఆ తర్వాత మీ సొంత ప్రభుత్వం నుంచి కూడా బిరుదులు, బహుమతులు, పారితోషికాలు తీసుకోకూడదు. రాజకీయ వివాదాల మీద సోషల్ మీడియాలో ముందూ వెనకా చూడకుండా రాయకూడదు. పాత సహోద్యోగి ఒకరు ఫోన్ చేసి, “మీ దగ్గర ఆ నివేదిక ముసాయిదా ఉందట కదా, మన శాఖకు ఒక కాపీ పంపుతావా” అని ఎంతో ఆప్యాయంగా అడగొచ్చు. పంపకూడదు. మొహమాటపడేవాళ్లకు ఇది కష్టంగానే ఉంటుంది.

ఇక ఆఫర్ సంగతి. ఆఫర్ మెయిల్ రాగానే పాత ఉద్యోగానికి రాజీనామా రాసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ ఆఫర్‌కు షరతులుంటాయి. మీ డిగ్రీలు, పాత ఉద్యోగాలు సరిచూస్తారు, వైద్య పరీక్షల ఫలితాలు చూసి సరేనంటారు, వీసా రావాలి. ఇవన్నీ పూర్తయ్యాయని రాతపూర్వకంగా తెలిశాకే మీ రాజీనామా కదలాలి. మధ్యలో ఏ నెల ఖాళీగా పోతుందో ఎవరూ ముందు చెప్పలేరు.

ఆ ఉత్తరంలో జీతం అంకె మీదికే అందరి కళ్లూ వెళతాయి. నేనైతే ముందు కాంట్రాక్టు రకం చూడమంటాను. నిర్ణీత కాలపు నియామకమా, తాత్కాలిక నియామకమా, కన్సల్టెన్సీనా? ఆఫీసులో ముగ్గురూ పక్కపక్క బల్లల దగ్గరే కూర్చుంటారు, ఒకే ఫైలు మీద పనిచేస్తారు. నిర్ణీత కాలపు నియామకం మీద వేరే దేశం నుంచి వచ్చిన ఉద్యోగికి సామాను రవాణా, పిల్లల చదువు గ్రాంటు, సొంత దేశానికి వెళ్లొచ్చే సెలవు, పెన్షన్ ఉంటాయి. తాత్కాలిక ఉద్యోగికి వీటిలో కొన్నే. కన్సల్టెంటుకు మాట్లాడుకున్న ఫీజు తప్ప దాదాపు ఏమీ ఉండదు. ఆరోగ్య బీమా కూడా తనే చూసుకోవాల్సి రావచ్చు. కుటుంబాన్ని కన్సల్టెన్సీ నమ్ముకుని తరలించడం నా దృష్టిలో పెద్ద సాహసం. ఒంటరిగా ఉండి, వెనక్కి తిరిగొచ్చే ఉద్యోగం పదిలంగా ఉన్నవాళ్లకు అది మంచి అవకాశమే.

జీతం రెండు ముక్కలుగా ఉంటుంది. పీ-2, పీ-3 వంటి వృత్తి నిపుణుల గ్రేడుల మూలవేతనం ప్రపంచమంతా ఒకటే. దాని మీద పోస్ట్ అడ్జస్ట్‌మెంట్ అనే భాగం కలుస్తుంది. మీరు పనిచేసే నగరంలో జీవన వ్యయాన్ని బట్టి దాన్ని నిర్ణయించేది 1974లో ఏర్పాటైన అంతర్జాతీయ సివిల్ సర్వీస్ కమిషన్. మారకం రేట్లు కదిలితే ఆ భాగం కూడా కదులుతుంది. అందుకని ఆఫర్‌లో చూసిన మొత్తమే ఏడాది పొడవునా వస్తుందని ఇంటి అద్దె కుదుర్చుకోకండి. పన్ను విషయంలో, సమితి హక్కులు, మినహాయింపుల మీద కుదిరిన 1946 ఒప్పందం ప్రకారం ఐక్యరాజ్య సమితి జీతానికి సభ్య దేశాల ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. అమెరికా మాత్రం తన పౌరుల దగ్గర వసూలు చేస్తుంది, ఆ మొత్తాన్ని సమితి వాళ్లకు తిరిగి ఇస్తుంది. ఈ మినహాయింపు జీతానికి మాత్రమే. మీ అద్దె ఆదాయానికీ, మీ భార్య లేదా భర్త సంపాదనకూ ఇది వర్తించదు.

కొత్తగా స్థిరపడటానికి ఒక గ్రాంటు ఇస్తారు. అర్హత ఉన్నవాళ్లకు 30 రోజుల దినభత్యం, వెంట వచ్చే ఒక్కో కుటుంబ సభ్యుడికి అందులో సగం, ఒక నెల జీతం వస్తాయి. వినడానికి బాగుంటుంది. కానీ స్విట్జర్లాండ్‌లో ఇంటి యజమాని చట్టప్రకారం మూడు నెలల అద్దె దాకా డిపాజిట్ అడగొచ్చు. మొదటి జీతం నెలాఖరుకు గానీ రాదు. చేతిలో కొంత పొదుపు లేకుండా బయల్దేరకండి.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. నియామకంలో ఏ దశలోనూ ఐక్యరాజ్య సమితి డబ్బు తీసుకోదు. దరఖాస్తుకు, ఇంటర్వ్యూకు, శిక్షణకు, వీసాకు ఎవరైనా డబ్బు అడిగారంటే అది మోసం. అచ్చం అసలు లాంటి లోగోతో, సంతకంతో ఉన్న దొంగ ఆఫర్ లెటర్లు నేను చూశాను. వాటిని చేతిలో పట్టుకుని ఆశగా వచ్చినవాళ్ల మొహాలు చూడటం మహా బాధ.

ఇప్పుడు ఇంట్లోవాళ్ల సంగతికి వస్తాను.

ఒక దంపతుల విషయం చెబుతాను. ఊరూ పేర్లూ వద్దు. ఉద్యోగం ఆమెది. ఆయన ఫార్మసిస్టు, వచ్చేముందు సొంత దేశంలో మంచి పేరున్న మనిషి. చేరిన వారంలోనే ఆయన నా గదికి వచ్చారు. ప్లాస్టిక్ ఫోల్డర్‌లోంచి డిగ్రీ, లైసెన్సు, అనుభవ పత్రాలు ఒక్కొక్కటిగా తీసి నా బల్ల మీద వరుసగా పెట్టారు. ఒక్కదానికీ మడత లేదు. వీటిని ఏ ఆఫీసులో ఇవ్వాలండీ అని అడిగారు. ఆ దేశంలో ఆ వృత్తికి స్థానిక భాషలో పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాలి. ఆయనకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు. ఈ సంగతి వాళ్లకు ఎవరూ ముందు చెప్పలేదు. వాళ్లూ అడగలేదు, ఎందుకంటే ఆఫర్‌కు సంబంధించిన మెయిళ్లన్నీ ఆమె పేరు మీదే వచ్చాయి.

ఇలాంటివి నేను చాలా చూశాను. ఉద్యోగికి మొదటి రోజు నుంచీ పని ఉంటుంది, బల్ల ఉంటుంది, పేరు పెట్టి పిలిచేవాళ్లుంటారు. వెంట వచ్చినవాళ్లకు అవేవీ ఉండవు. ఒప్పందం కుదిరిన ఉద్యోగి ఎంత కష్టపడినా, ఇంట్లో రెండోవాళ్ల పని సంగతి తేలకపోతే ఆ కాపురం నలుగుతుంది. నా అనుభవంలో ఒప్పందం ముగియకముందే వెనక్కి వెళ్లినవాళ్లలో చాలామంది ఉద్యోగం నచ్చక వెళ్లలేదు.

నియమాలు దేశానికొకలా ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో ఉద్యోగికి విదేశాంగ శాఖ లెజిటిమేషన్ కార్డు అనే గుర్తింపు కార్డు ఇస్తుంది. కుటుంబ సభ్యులకు ఉద్యోగం దొరికితే సీఐ పర్మిట్ అనే ప్రత్యేక అనుమతి తీసుకుని పనిచేయొచ్చు. అమెరికాలో ఉద్యోగి జీ-4 వీసా మీద, అంటే అంతర్జాతీయ సంస్థల సిబ్బందికిచ్చే వీసా మీద ఉంటే, జీవిత భాగస్వామి ఆ ఉద్యోగి సంస్థ ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి, పని అనుమతి కార్డు చేతికొచ్చేదాకా పనిలో చేరకూడదు. కొన్ని దేశాల్లో అసలు అనుమతే దొరకదు. అందుకే సంతకానికి ముందు సంస్థ మానవ వనరుల విభాగానికి రాతపూర్వకంగా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: నా భార్య లేదా భర్త అక్కడ చట్టబద్ధంగా పనిచేయొచ్చా, అందుకు ఏం కావాలి?

పిల్లల చదువు గ్రాంటు డిగ్రీ దాకా, అంటే పాఠశాల తర్వాత నాలుగేళ్ల వరకు ఉంటుంది. అది పెద్ద ఊరటే. అయితే వయసు గీత ఒకటుంది. అమెరికాలో జీ-4 వీసా మీద పెరిగిన పిల్లలు 21 ఏళ్లు దాటితే, పూర్తికాలం చదువుతుంటే సాధారణంగా 23 దాటితే, తల్లిదండ్రుల వీసా కింద ఉండలేరు. అక్కడే బడికెళ్లి, స్నేహితులందరినీ అక్కడే సంపాదించుకున్న పిల్లలు సొంత వీసా వెతుక్కోవాలి. పిల్లలకు పదేళ్లున్నప్పుడే దీని గురించి ఆలోచించాలి. మీ అమ్మానాన్నల్ని శాశ్వతంగా వెంట ఉంచుకోవడమైతే చాలా చోట్ల కుదరదు.

జెనీవా, వియన్నా, రోమ్, న్యూయార్క్ అందరికీ తెలిసిన పేర్లు. చాలా ఉద్యోగాలు అక్కడ ఉండవు. కష్టాన్ని బట్టి చోట్లకు హెచ్ నుంచి మొదలుకొని ఏ, బీ, సీ, డీ, ఈ అని వర్గాలున్నాయి. ఈ అంటే అత్యంత కష్టమైన చోటు. కొన్ని చోట్లకు కుటుంబాన్ని తీసుకెళ్లనివ్వరు. అక్కడ అదనపు భత్యం ఉంటుంది, మధ్యమధ్య విశ్రాంతి సెలవులుంటాయి. ప్రమాదం కూడా నిజమైనదే. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లో ఐక్యరాజ్య సమితి కార్యాలయం ఉన్న కెనాల్ హోటల్ మీద జరిగిన బాంబు దాడిలో, ఇరాక్‌లో సమితి ప్రత్యేక ప్రతినిధి సెర్జియో వియెరా ద మెలోతో సహా 22 మంది చనిపోయారు. ఏటా ఆ తేదీన ప్రపంచ మానవతా దినం జరుపుతున్నారు. అలాంటి చోటికి వెళ్లాలనుకునేవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం. వాళ్లను నేను అడిగేది ఒక్కటే, ఇంట్లో ఈ మాట దాచకండి.

రక్షణల గురించి అపోహలు ఎక్కువ. అధికారిక పనికి సంబంధించి మీ మీద కేసు వేయకుండా మినహాయింపు ఉంది. అది సంస్థ కోసం, మీ సొంత లాభం కోసం కాదని 1946 ఒప్పందమే చెబుతోంది. అద్దె బాకీకి, వ్యక్తిగత అప్పులకు అది అడ్డుపడదు. దానికి రెండో వైపు కూడా చూడండి. సంస్థకూ మినహాయింపు ఉంది కాబట్టి మీకు అన్యాయం జరిగితే స్థానిక కార్మిక న్యాయస్థానం తలుపు తట్టలేరు. 2009 జులై నుంచి ఐక్యరాజ్య సమితికి సొంత వివాద ట్రైబ్యునల్, అప్పీలు ట్రైబ్యునల్ ఉన్నాయి. మరికొన్ని సంస్థల కేసులు జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ట్రైబ్యునల్‌కు వెళతాయి. గడువులు చాలా కఠినం. సమితిలో చాలా రకాల నిర్ణయాలకు, తెలిసిన 60 రోజుల్లోగా యాజమాన్యాన్ని పునఃపరిశీలన కోరాలి. సర్దుకుంటుందిలే అని ఊరుకుంటే ఆ గడువు దాటిపోతుంది. చేరిన వెంటనే సిబ్బంది సంఘంలో సభ్యత్వం తీసుకోండి.

చివరిగా, డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. కొన్ని పోస్టులకు సంస్థ నిత్య బడ్జెట్ నుంచి జీతమొస్తుంది, కొన్ని దాతలు స్వచ్ఛందంగా ఇచ్చే నిధుల మీద నడుస్తాయి. 2025లో అమెరికా సహా పలు దాతలు నిధులు తగ్గించడంతో శరణార్థుల సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం, వలసల సంస్థ కలిపి వేల ఉద్యోగాలు కోసేశాయి. పోయింది జీతం ఒక్కటే అయితే వేరే సంగతి. ఉద్యోగంతో పాటు వీసా పోయింది, బడి మధ్యలో ఆగింది. సమితి పెన్షన్ నిధికి ఉద్యోగి 7.9 శాతం, సంస్థ 15.8 శాతం కడతాయి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా బయటికొస్తే నెలవారీ పెన్షన్ రాదు. మీరు కట్టింది మాత్రం వడ్డీతో తిరిగొస్తుంది.

అందుకని సంతకానికి ముందు ఈ మూడూ అడిగి తెలుసుకోండి: ఈ పోస్టుకు నిధి ఎవరిది, ఎప్పటిదాకా ఉంది, ఒప్పందం పొడిగించకపోతే మేం దేశం విడవడానికి ఎంత గడువిస్తారు? జవాబులు మెయిల్లోనే తెప్పించుకోండి. అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న సంస్థను నేనింతవరకు చూడలేదు. సొంత దేశంలో మీ వృత్తి లైసెన్సు రెన్యువల్ చేయించుకుంటూ ఉండండి, బ్యాంకు ఖాతా మూసేయకండి, పెన్షన్ పథకంలో ఉంటే కొనసాగించే వీలుందేమో కనుక్కోండి. ఆ జవాబుల మెయిలు మీరు చదివాక, ఇంట్లోవాళ్లకు కూడా పంపి వాళ్లనూ చదవమనండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెంట వచ్చినవాళ్లకు ముందు మైకు ఇవ్వమని నిర్వాహకుల్ని కోరుతున్నాను.