టమాటా డబ్బా మెకానిక్: గ్లెన్ కర్టిస్

అందరికీ నమస్కారం. విమానం అనగానే మనకు రైట్ సోదరులే గుర్తొస్తారు. మొదట ఎగిరింది వాళ్లే, అందులో పేచీ లేదు. ఇవాళ నేను మాట్లాడబోయేది వాళ్లు కోర్టుకీడ్చిన మనిషి గురించి.

గ్లెన్ కర్టిస్ 1878లో న్యూయార్క్ రాష్ట్రంలోని హ్యామండ్స్‌పోర్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చదువు ఎనిమిదో తరగతితో సరి. సైకిల్ షాపు పెట్టి, సైకిల్‌కి ఇంజిన్ బిగించాలని కూర్చున్నాడు. కార్బురేటర్ కావలసి వస్తే ఖాళీ టమాటా డబ్బాతోనే చేసేశాడు. మన మెకానిక్ షెడ్లలోనూ ఇలాంటి చేతులు చూస్తుంటాం. అతని ఇంజిన్ల సంగతి విని, టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ తన విమాన బృందంలోకి పిలుచుకున్నాడు.

1908 జులై 4న కర్టిస్ తన ‘జూన్ బగ్’ విమానంలో, ఊరి జనం చూస్తుండగా, కిలోమీటరున్నర ఎగిరి ట్రోఫీ కొట్టాడు. నియమం ప్రకారం కిలోమీటరు చాలు. విమానం ఒక పక్కకు ఒరిగితే అతను రెండోపక్కకు భుజం వాల్చేవాడు. భుజాలకు తగిలించిన చట్రం తీగల్ని లాగితే రెక్కల చివర్న ఉన్న చిన్న పలకలు కదిలేవి. రైట్ సోదరులు మాత్రం రెక్కనే మెలితిప్పేవారు. పద్ధతి ఏదైనా పేటెంట్ మాదేనని 1909లో దావా వేశారు. 1914లో అప్పీలు కోర్టు వాళ్ల వైపే తీర్పిచ్చింది. ఈసారి రెక్క పక్కన కిటికీ సీటు దొరికితే గమనించండి, విమానం మలుపు తిరిగేటప్పుడు పైకీ కిందకీ కదిలేది ఆ పలకలే.

ఇక్కడ మాత్రం నేను కర్టిస్‌ని వెనకేసుకురాను. శాస్త్రవేత్త లాంగ్లీ తయారుచేసి, 1903లో నదిలో కూలాక మూలన పడివున్న విమానాన్ని 1914లో బయటికి తీసి, మార్పులు చేసి ఎగరేశాడు. రైట్ల కంటే ముందే ఎగరగలిగిన విమానం ఇదని నిరూపించి, పేటెంటును బలహీనపరచాలని ఎత్తు. లాంగ్లీ ఒకప్పుడు అధిపతిగా ఉన్న అమెరికా మ్యూజియాల సంస్థ స్మిత్‌సోనియన్ ఆ మాటకే వంత పాడింది. ఒళ్లు మండిన ఆర్విల్ రైట్ 1928లో తమ తొలి విమానాన్ని లండన్ మ్యూజియానికి పంపేశాడు. అది తిరిగి అమెరికా చేరింది 1948లో, ఆయన పోయాక.

1917లో యుద్ధంలోకి దిగిన అమెరికాకు విమానాలు కావాలి. కంపెనీలన్నీ పేటెంట్లను ఒకచోట చేర్చక తప్పలేదు, తగాదా చల్లారింది. కర్టిస్ కంపెనీ ‘జెన్నీ’ మీదే వేలాది పైలట్లు విమానం నేర్చుకున్నారు.

1929లో రెండు పేర్ల కంపెనీలూ కలిసిపోయాయి. ఆర్విల్ తన వాటా అమ్మేసుకుని అప్పటికి 14 ఏళ్లు. కర్టిస్ మరుసటి ఏడే, 52 ఏళ్లకే, కన్నుమూశాడు. కొత్త కంపెనీ పేరు కర్టిస్-రైట్. ఇప్పటికీ ఉంది, ముందున్నది కర్టిస్ పేరే.