జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త ఎందుకు?

నర్సింగ్ చివరి పరీక్షలకు సిద్ధమవుతున్న విద్యార్థులందరికీ నమస్కారం.

పాథోఫిజియాలజీ, అంటే జబ్బు వల్ల శరీరం పనితీరు ఎలా మారుతుందో చెప్పే పాఠం, అనగానే చాలామంది లక్షణాల పట్టికలు బట్టీ పట్టడం మొదలుపెడతారు. ఒక్కో జబ్బుకు పదేసి లక్షణాలు, వాటిలో సగం పక్క జబ్బులోనూ ఉంటాయి. పరీక్ష హాలులో అన్నీ కలగాపులగం అవుతాయి. నేను కోరేది ఒక్కటే. ఏ లక్షణం చదివినా, దానికి ముందు శరీరంలో ఏం జరిగిందో చెప్పగలిగేదాకా ఆ పేజీ తిప్పకండి.

వానాకాలంలో హైదరాబాద్ వార్డుల్లో పనిచేసినవారికి డెంగీ కొత్త కాదు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి సర్ రోనాల్డ్ రాస్ పేరు ఉంది. 1897లో మన సికింద్రాబాద్‌లోనే ఆయన దోమను కోసి, దాని కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. కారణం కోసం వెతికిన మనిషి నడిచిన ఊళ్లో చదువుతున్నాం మనం. నాకు అది గర్వంగా ఉంటుంది.

డెంగీలో సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుని డిశ్చార్జి ఎప్పుడని అడుగుతారు. కొందరు రోగులకు అసలు గండం మొదలయ్యేది అప్పుడే. కేశనాళికల (అతి సన్నని రక్తనాళాల) గోడలు పట్టు తప్పి, రక్తంలోని ద్రవ భాగమైన ప్లాస్మా బయటికి ఊరిపోతుంది. ఎర్రకణాలు లోపలే మిగులుతాయి. నీళ్లు ఇగిరిన పులుసులా రక్తం చిక్కబడుతుంది, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతుంది. ఊరిన ద్రవం పొట్టలోనూ ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో రక్త పరిమాణం తగ్గింది కాబట్టి గుండె వేగం పెంచుతుంది, చర్మంలోని నాళాలు బిగుసుకుంటాయి, చేతులు కాళ్లు చల్లబడతాయి. ఆ బిగింపు వల్లే బీపీలో కింది అంకె పైకి జరుగుతుంది. 100/80 వచ్చిందనుకోండి. పైన 100 ఉంది కదా అని చార్టులో రాసి పక్క మంచానికి వెళ్లిపోకూడదు. రెండింటి మధ్య తేడా 20కి పడిపోయింది. డెంగీలో అది షాక్ గుర్తు, వెంటనే డాక్టరును పిలవాలి.

బంధువులంతా ప్లేట్‌లెట్లు ఎన్ని అనే అడుగుతారు. వారి ఆందోళనకు ఓపికగా జవాబివ్వండి. మీ చూపు మాత్రం నాడి మీద, పీసీవీ మీద, మూత్రం కొలత మీద కూడా ఉండాలి.

ఇంకో మలుపు ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఒకటి రెండు రోజుల్లో ఆ ఊట ఆగి, బయటికి పోయిన ద్రవం తిరిగి నాళాల్లోకి చేరుతుంది. అప్పుడు కూడా సెలైన్ పాత వేగంతోనే ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. నిన్న ప్రాణం నిలిపిన సీసాయే ఇవాళ ప్రమాదం. డ్రిప్ తగ్గించమని డాక్టరు ఎందుకు అంటారో తెలిసిన నర్సు ఆ మాట కోసం కాచుకుని ఉంటుంది, ఆయాసం కనబడితే తానే ముందు కబురు పెడుతుంది.

ఇలా చదివితే నర్సింగ్ పరిచర్య ప్రశ్నకు వేరే నోట్సు అక్కరలేదు. జవాబు అందులోంచే వస్తుంది.

ఈ రాత్రి పుస్తకం మూసి, హాస్టల్‌లో పక్క మంచం స్నేహితురాలికి ఒక జబ్బును తెలుగులో చెప్పి చూడండి. ఎక్కడ మాట ఆగితే అక్కడ పుస్తకం తెరవండి. డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌తో, అంటే ఇన్సులిన్ చాలక మధుమేహ రోగి రక్తంలో ఆమ్లాలు పేరుకునే స్థితితో, మొదలుపెట్టండి. ఇన్సులిన్ చక్కెరతోపాటు పొటాషియంను కూడా కణాల్లోకి పంపుతుంది. మరి రక్త పరీక్షలో పొటాషియం మామూలుగా కనిపించినా డాక్టర్లు గంటలు లెక్కపెట్టి మళ్లీ మళ్లీ ఎందుకు చూస్తారు? రేపటి క్లాసులో మీ జవాబులు వింటాను.