నార్వే ఫ్యోర్డుల్లో ఎవరూ దిగని ఊళ్ళు: టైమ్‌టేబుల్ చూసి పట్టుకోవడం ఎలా

హాయ్ అండి, అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో అందరూ వెళ్ళే గైరాంగర్ ఫ్యోర్డ్ ఉండదు (ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ), డ్రోన్ షాట్లు కూడా ఉండవు, ఒక టైమ్‌టేబుల్ ఉంటుంది. అవును, మన బస్టాండ్‌లో గోడ మీద పెయింట్‌తో రాసుంటుందే, అలాంటిదే. నార్వే తీరం వెంబడి ఓడలో వెళ్తూ ఎవరూ పెద్దగా పట్టించుకోని ఊళ్ళు చూడాలంటే గూగుల్‌లో "టాప్ టెన్" కొట్టి లాభం లేదు, అందరికీ అవే పది వస్తాయి, అందరూ అక్కడికే పోతారు. ఈ టైమ్‌టేబుల్ చదవడం వస్తే చాలు. నాకు మొదటి ట్రిప్పులో రాలేదు, దాంతో ఏం పోగొట్టుకున్నానో కూడా చెప్తా.

ముందు ఓడ సంగతి. బెర్గెన్ నుంచి పైన రష్యా బోర్డర్ దగ్గరున్న కిర్కెనెస్ దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చే కోస్టల్ రూట్ ఇది, దారిలో 34 రేవులు, పోను రాను 12 రోజులు. క్రూయిజ్ అని అమ్ముతారు గానీ నన్నడిగితే ఇది పల్లెవెలుగు బస్సు. ప్రతి ఊళ్ళోనూ ఆగుతుంది, సామాన్లు దించుతుంది, కార్లు ఎక్కిస్తుంది, పక్క ఊరికి వెళ్ళే పెద్దావిడ ఒక బ్యాగు పట్టుకుని ఎక్కి రెండు గంటల తర్వాత దిగిపోతుంది. రిచర్డ్ విత్ అనే కెప్టెన్ 1893 జూలైలో "వెస్టెరోలెన్" అనే స్టీమర్‌తో దీన్ని మొదలుపెట్టాడు, అప్పట్లో చలికాలంలో ట్రోండ్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కి ఉత్తరం చేరాలంటే నెలలు పట్టేదట, ఈయన ఓడ మూడు రోజుల్లో చేర్చేసింది. అప్పటిదాకా రాత్రిపూట, అదీ చలికాలం చీకట్లో, ఆ రాళ్ళ మధ్య ఓడ నడపడం కుదరదనే అనుకునేవాళ్ళు. ఇప్పుడు ఈ రూట్‌ని హుర్టిగ్రూటెన్, హావిలా అని రెండు కంపెనీలు పంచుకుని నడుపుతున్నాయి, 2021 నుంచి, హుర్టిగ్రూటెన్‌వి ఏడు, హావిలావి నాలుగు ఓడలు. మనకి కావాల్సిన పాయింట్ ఏంటంటే, రోజూ ఒక ఓడ పైకి పోతుంది, ఒకటి కిందకి వస్తుంది. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సరే, స్క్రీన్ మీదకి రండి. ఎడమవైపు వరుస నార్త్‌బౌండ్, అంటే పైకి వెళ్ళేది, కుడివైపు సౌత్‌బౌండ్, వెనక్కి వచ్చేది. ఊరి పేరు, వచ్చే టైము, బయల్దేరే టైము. చాలామంది ఇందులో ఎక్కువ సేపు ఆగే ఊళ్ళు మాత్రమే చూస్తారు, ట్రోమ్సో నాలుగు గంటలు, హోనింగ్స్‌వోగ్ మూడున్నర గంటలు, ఓకే అయిపోయింది అనుకుంటారు. మీరు అలా కాదు, ఒక్కో ఊరికి రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏం కనిపిస్తోంది? వెళ్ళేటప్పుడు అర్ధరాత్రి దాటాక ఆగిన చాలా ఊళ్ళలో వచ్చేటప్పుడు పట్టపగలు ఆగుతుంది. ఓడ వాళ్ళు కావాలనే అలా పెట్టారు, వెళ్ళేటప్పుడు నిద్రలో పోయినవి వచ్చేటప్పుడు కనిపించాలని. అంటే సగం ట్రిప్పు కొనుక్కున్నవాళ్ళకి సగం తీరం చీకట్లోనే పోతుందన్నమాట.

ఆ సగం మనిషిని నేనే. మొదటిసారి కిర్కెనెస్ దాకా వెళ్ళి అక్కణ్ణుంచి ఫ్లైట్ ఎక్కి వచ్చేశా, లీవు లేదు మరి. వార్డో అనే ఊరు తెల్లవారుజామున మూడింటికి వచ్చింది, నేను దుప్పటి కప్పుకుని పడుకున్నా. రెండోసారి కిర్కెనెస్ నుంచి కిందకి వచ్చే టికెట్ కొన్నా, ఈసారి అమ్మ కూడా ఉంది, అదే వార్డో సాయంత్రం నాలుగు ప్రాంతంలో వచ్చింది, సుమారు గంట ఆగుతుంది. టైములు సీజన్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి, మీరు వెళ్ళే తేదీకి సరి చూసుకోండి.

వార్డో నార్వేలో అన్నిటికంటే తూర్పున ఉన్న పట్నం, ద్వీపం మీద ఉంటుంది. రేవు నుంచి ఓ కిలోమీటరు నడిస్తే సముద్రం ఒడ్డున స్టైల్‌నెసెట్ అని ఒక మెమోరియల్. 1600ల్లో ఈ ఫిన్‌మార్క్ ప్రాంతంలో మంత్రగత్తెలని ముద్ర వేసి చంపేసిన 91 మంది కోసం కట్టారు, ఆడవాళ్ళే ఎక్కువ, మగవాళ్ళూ ఉన్నారు. చెక్క ఫ్రేముల మధ్య గుడ్డతో కట్టిన పొడవాటి గుడారం లాంటిది, 125 మీటర్లు, లోపల నల్లగా, ఇద్దరు పక్కపక్కన నడవడం కష్టం, మనిషికొకటి చొప్పున 91 చిన్న కిటికీలు, ఒక్కో కిటికీ ముందు ఒక్క బల్బు వేలాడుతూ, పక్కన గుడ్డ మీద ఆ మనిషి మీద వేసిన నింద. గాలికి గుడ్డ మొత్తం టపటపా కొట్టుకుంటుంది. దాని పక్కన ఇంకో గాజు గది, అందులో ఒక ఇనప కుర్చీ లోంచి మంట వస్తూ ఉంటుంది, చుట్టూ పెద్ద అద్దాలు. కుర్చీ లూయీస్ బూర్జ్వా అనే శిల్పి చేసింది, కట్టడం పీటర్ జుమ్తోర్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్, 2011లో తెరిచారు. అమ్మకి ఇంగ్లిష్ రాదు, నేను రెండు మూడు చదివి చెప్పా, తర్వాత "ఇంక చాల్లేరా, చెప్పకు" అంది. మన పల్లెల్లో చేతబడి చేసిందని ఎవరినో కొట్టారన్న వార్త ఇప్పటికీ పేపర్లో వస్తుంది కదా, అదే గుర్తొచ్చి ఉంటుంది. మేము వెళ్ళినప్పుడు మాతో దిగినవాళ్ళు పదిమంది లేరు, మిగతావాళ్ళు పైన కాఫీ తాగుతున్నారు.

ఇలా పగలు, గంట ఆగే ఊళ్ళు ముందు మార్క్ చేసుకోండి. స్టోక్‌మార్క్‌నెస్ ఇంకొకటి, వెళ్ళేటప్పుడు అర్ధరాత్రి దాటాక, వచ్చేటప్పుడు మధ్యాహ్నం రెండు దాటాక. ఇందాక చెప్పిన కెప్టెన్ విత్‌ ఉన్న ఊరే, ఇక్కడ 1956 నాటి "ఫిన్‌మార్కెన్" ఓడని మొత్తానికి మొత్తం ఒక పెద్ద గాజు భవనంలో పెట్టేశారు. ఓడలోంచి దిగి ఇంకో ఓడ ఎక్కుతాం అన్నమాట. ఇక్కడే నేను ఇంజిన్ రూమ్‌లో ఫొటోలు తీస్తూ టైం చూసుకోలేదు, బయట హారన్ వినపడగానే అమ్మని చెయ్యి పట్టుకుని పరుగు, కార్డు బీప్ కొట్టి లోపలికి వెళ్ళామో లేదో వెనక మెట్లు ఎత్తేశారు. ఎవరి కోసమూ ఆగదండి ఇది, మీరు లేకపోతే వెళ్ళిపోతుంది, తర్వాతి రేవుకి మీ ఖర్చుతో మీరే రావాలి. కాబట్టి రూల్ ఒకటి పెట్టుకోండి, పావుగంట ఆగే చోట రేవు దాటి పోవద్దు, గంట ఆగే చోట ఇరవై నిమిషాలు మిగిలుండగానే వెనక్కి తిరగండి.

ఇప్పుడు దిగకుండా డెక్ మీద నుంచే చూసేవి. ఇవి టైమ్‌టేబుల్లో రాసి ఉండవు, రెండు ఊళ్ళ మధ్య ఖాళీలో ఉంటాయి. కర్త్‌వెర్కెట్ అని నార్వే సర్వే వాళ్ళ మ్యాప్ ఫ్రీగా ఆన్‌లైన్లో ఉంటుంది, అది పక్కన ఓపెన్ చేసుకుని ఓడ దారి వెంట జూమ్ చేస్తూ పొండి. ఉదాహరణకి రిసోయ్‌హామ్న్ దగ్గర సముద్రం మరీ లోతు తక్కువ, అందుకని అడుగు తవ్వి కాలువ చేశారు, 1922లో తెరిచారు, పగలు వెళ్తే కింద నీళ్ళు పచ్చగా, పక్కనే ఇసక మేట కనిపిస్తుంది, అంత పెద్ద ఓడ మన కాలవలో పడవలా మెల్లగా పోతుంది. వెళ్ళేటప్పుడు తెల్లవారుజామున, వచ్చేటప్పుడు ఉదయం పదకొండుకి. అలాగే బ్రోన్నోయ్‌సుండ్ దాటాక టోర్గ్‌హాటెన్, కొండకి ఈ పక్క నుంచి ఆ పక్కకి బొక్క, 160 మీటర్ల పొడవు, వాళ్ళ కథ ప్రకారం ఒక రాజు విసిరిన టోపీ అది, బాణం దూసుకుపోయిన చోట చిల్లు. మోలోయ్, ఫ్లోరో ఊళ్ళ మధ్య హార్నెలెన్, సముద్రంలోంచి నిటారుగా 860 మీటర్లు లేస్తుంది. ఇవన్నీ వచ్చేటప్పుడే పగలు. లోఫోటెన్ దీవుల దగ్గర ఇరుకు ఫ్యోర్డ్ ట్రోల్‌ఫ్యోర్డ్ మాత్రం ఇప్పుడు ఫేమస్ అయిపోయింది, పైగా మేము వెళ్ళింది ఏప్రిల్ చివర, కొండ మీద నుంచి మంచు జారే భయంతో లోపలికి తీసుకెళ్ళలేదు, గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చినట్టయింది.

వచ్చేటప్పుడు అంటున్నా కదా అని వెళ్ళేటప్పుడు ఏమీ లేదనుకోకండి. హోనింగ్స్‌వోగ్‌లో దిగి నార్త్ కేప్ అనే ఉత్తరపు చివరి కొండకొమ్ము చూసొచ్చి అందరూ అలిసిపోయి పడుకుంటారు, సరిగ్గా అప్పుడే సాయంత్రం చ్యోల్లెఫ్యోర్డ్ వస్తుంది, దాని ముందు ఫిన్‌చిర్కా అనే రాయి, సముద్రంలో చర్చి నిలబడినట్టే ఉంటుంది, సామీ అనే అక్కడి ఆదివాసులు పూర్వం అక్కడ మొక్కులు చెల్లించేవాళ్ళట. తర్వాత మెహామ్న్. చూడ్డానికి నాలుగు ఇళ్ళు, ఒక రేవు, కానీ 1903లో ఇక్కడ జాలర్లు పెద్ద గుంపుగా కలిసి తిమింగలాల ఫ్యాక్టరీని తాళ్ళు కట్టి లాగి కూల్చేశారు, తిమింగలాలని చంపేయడం వల్లే చేపలు ఒడ్డుకి రావడం మానేశాయని వాళ్ళ కోపం. మరుసటి ఏడాదే ఉత్తర నార్వేలో తిమింగలాల వేట ఆపేస్తూ చట్టం వచ్చింది. ఆ తర్వాత బెర్లెవోగ్, వెయ్యిమంది కూడా లేని ఊరు, రేవు ముందు ముంబై మెరైన్ డ్రైవ్‌లో ఉంటాయే, ఆ నాలుగు కాళ్ళ కాంక్రీటు దిమ్మలు, టెట్రాపాడ్లు, కొండలా పేర్చి ఉంటాయి. అవి లేనప్పుడు ఓడ బయటే ఆగిపోయేది, మనుషుల్ని చిన్న పడవల్లో తెచ్చుకునేవాళ్ళు. ఇప్పటికీ గాలి ఎక్కువైతే కెప్టెన్ ఈ రేవులు వదిలేసి ముందుకి పోతాడు, అందుకే రాత్రి పడుకునే ముందు యూర్ (Yr) అనే నార్వే వాతావరణ యాప్‌లో గాలి ఎంతుందో ఓసారి చూసుకోండి, వర్షం సంగతి పక్కన పెట్టినా పర్లేదు.

స్వోల్‌వేర్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఇది లోఫోటెన్ దీవుల్లోని ఊరు, లోఫోటెన్ అంటే టూరిస్టులందరికీ తెలుసు, కానీ దిగినవాళ్ళు మెయిన్ స్క్వేర్‌లో షాపులు చూసి వచ్చేస్తారు, మీరు వంతెన దాటి స్విన్‌యోయ వైపు పొండి. ఫిబ్రవరి నుంచి మే దాకా అక్కడ చెక్క పందిళ్ళ నిండా కాడ్ చేపలు, రెండేసి తోకలు కలిపి కట్టి వేలాడదీసి ఉంటాయి, తలకాయలు వేరే దండలు. మాది కాకినాడ, ఉప్పాడ ఒడ్డున నెత్తళ్ళు ఆరబోసిన వాసన మధ్య పెరిగాం, ఆ గాలి తగలగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. దగ్గరికి వెళ్ళి ఒక చేపని వేలితో కొట్టింది, చెక్క మీద కొట్టినట్టు టక్ టక్ మంది. వేలు నాకి చూసి "ఏరా, వీళ్ళు ఉప్పెయ్యలేదా?" అంది. వెయ్యరండి. చలి సున్నా డిగ్రీలకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, గడ్డ కట్టదు, కుళ్ళదు, ఈగలు ఇంకా పుట్టని టైము, పొడి గాలి, అంతే, మూడు నెలల్లో బరువులో మూడొంతుల పైనే ఎగిరిపోతుంది. మన ఎండకి ఉప్పు లేకుండా పెడితే సాయంత్రానికి ఏమవుతుందో మీకు తెలుసు. చేపలు ఇటలీ వాళ్ళు కొంటారు, తలకాయలు నైజీరియాకి పోతాయి, పులుసులోకి. అమ్మ ఒకటి కొందామంది, ధర చూసి పెట్టేసింది.

ఇంకా వెలుతురు సంగతి. టైమ్‌టేబుల్లో నాలుగు గంటలు అని ఉంటే అది పగలే అనుకోవద్దు, వార్డోలో నవంబరు చివర నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడే రాడు, అదే మే మధ్య నుంచి అసలు అస్తమించడు, అప్పుడు మొదటి ట్రిప్పులో నాలాగా రాత్రి మూడింటికి పడుకున్నా తప్పే. సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తే గైరాంగర్ బదులు యోరుండ్‌ఫ్యోర్డ్‌లోకి తీసుకెళ్తారు, అక్కడ ఉర్కె అనే చిన్న పల్లె, ఇంత పెద్ద ఓడకి రేవు లేదు, చిన్న పడవలో ఒడ్డుకి దింపుతారు. క్రూయిజ్ గుంపులు లేని ఫ్యోర్డ్ కావాలంటే నా ఓటు దానికే.

ఒక ఊరు బాగా నచ్చి రాత్రి ఉండాలనిపిస్తే? ఇందాక గుర్తు పెట్టుకోమన్నా కదా, రోజూ ఓడ ఉంటుందని. పూర్తి ట్రిప్పు టికెట్ కాకుండా పోర్ట్ టు పోర్ట్ టికెట్లు ముక్కలుగా కొనండి, ఈ రోజు బెర్లెవోగ్‌లో దిగి రేపు అదే టైముకి వచ్చే ఓడ ఎక్కేయొచ్చు. పగటి ప్రయాణమైతే క్యాబిన్ కూడా అక్కర్లేదు, లాంజ్‌లో కూర్చోవచ్చు. కానీ బస ముందే బుక్ చేసుకోండి, ఆ ఊళ్ళో రెండో లాడ్జి ఉండకపోవచ్చు. తినడానికి ఏమైనా వెంట ఉంచుకోండి, మేమైతే పచ్చడి సీసా, అటుకులు మోసుకెళ్ళాం, సిగ్గేం లేదు, అక్కడ ఒక కాఫీ రేటుకి ఇక్కడ ఇద్దరు భోంచేస్తారు.

సరే, మళ్ళీ ఆ రెండు వరుసలు స్క్రీన్ మీద పెడుతున్నా, వీడియో పాజ్ చేయండి. హామర్‌ఫెస్ట్‌కి, హోనింగ్స్‌వోగ్‌కి మధ్యలో హావోయ్‌సుండ్ అని ఉంటుంది, ఓ అక్షరం మీద గీత కొట్టినట్టు ఉంటుంది, అదే. పైకి ఎన్నింటికి, కిందకి ఎన్నింటికి, ఎంతసేపు, చూడండి. చూసారా? రెండు వైపులా ఉదయమే. నేను రెండు ట్రిప్పుల్లోనూ అక్కడ దిగలేదు, రెండు సార్లూ బ్రేక్‌ఫాస్ట్ లైన్‌లో ప్లేటు పట్టుకుని నిలబడున్నా.