ఒక్క బైట్ సార్!

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న విలేకరి తమ్ముళ్లకు వినిపిస్తోందా? సరే.

పిలిచినవాళ్లు "డిజిటల్ మీడియాలో సాంకేతిక పదాలు" అని పెద్ద పేరే పెట్టారు. నేను మాత్రం ఒక్క మాట పట్టుకొచ్చాను. బైట్. మీరు రోజుకు పదిసార్లు అనే మాటే. ఎమ్మెల్యే కారు దిగ్గానే మైకు ముందుకు చాపి "ఒక్క బైట్ సార్" అంటూ పరిగెడతారు కదా, అది ఇంగ్లిషులో కొరకడం అనే అర్థమున్న బైట్, మనిషి మాటల్లోంచి కొరికి తీసుకున్న ముక్క. అదే సాయంత్రం డెస్క్‌కి ఫుటేజీ పంపుతూ "మూడొందల మెగాబైట్లుంది అన్నా, ఎక్కట్లేదు" అంటారు. ఆ బైట్ వేరు.

వేరు అన్నాను గానీ పుట్టుక ఒకటే. 1956లో ఐబీఎంలో స్ట్రెచ్ అనే కంప్యూటర్ తయారుచేస్తున్నప్పుడు వెర్నర్ బుఖోల్జ్ అనే ఇంజినీరు పెట్టిన పేరది. ఆయన మనసులో ఉన్నదీ ఆ కొరకడమే. కాకపోతే అప్పటికే బిట్ అనే మాట వాడుకలో ఉంది, స్పెల్లింగులో చివరి అక్షరం ఎగిరిపోతే బైట్ కాస్తా బిట్ అయి కూర్చుంటుందని, మధ్యలో ఐ తీసేసి వై పెట్టాడు. మనమేమో తెలుగులో రాసేసరికి ఆయన అంత జాగ్రత్తగా విడదీసిన రెండిటినీ మళ్లీ కలిపేశాం!

ఇక బిట్. మనకు బిట్ అంటే పరీక్షలో బిట్ పేపర్, సినిమాలో బిట్ సాంగ్. కంప్యూటర్లో సున్నా, ఒకటి, ఈ రెండిట్లో ఏదో ఒకటి, అంతకంటే చిన్నది లేదు. ఆ మాటని క్లాడ్ షానన్ అనే గణిత శాస్త్రవేత్త 1948లో తన వ్యాసంలో వాడాడు, జాన్ టూకీ అనే మరో గణిత శాస్త్రవేత్త సూచించాడని అందులోనే చెప్పాడు. ఇప్పుడు ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. ఈ ఎనిమిది దగ్గరే మన జేబుకు చిల్లు పడేది.

ఇంటికి నెట్ పెట్టించుకున్నారు, వంద ఎంబీపీఎస్ అన్నారు. ఏదో ఫైల్ దించుతుంటే సెకనుకు పన్నెండు ఎంబీ చూపిస్తోంది, మోసం చేశారని కస్టమర్ కేర్ వాడిని కడిగేస్తాం. పాపం అతను నిజమే చెప్పాడు. ప్లాన్ మీద ఉన్నది మెగాబిట్లు, తెర మీద కనబడేది మెగాబైట్లు, వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. ఇంగ్లిషులో బిట్‌కి చిన్న బి, బైట్‌కి పెద్ద బి రాసి తేడా చూపిస్తారు. మన లిపిలో చిన్నా పెద్దా అక్షరాలు లేవాయె! "ఎంబీపీఎస్" అని రాసేస్తే చదివేవాడికి ఏదని తెలుస్తుంది? అందుకే వార్త రాసేటప్పుడు పొడి అక్షరాలు మానేసి మెగాబిట్లు అనో మెగాబైట్లు అనో పూర్తిగా రాయండి. రెండక్షరాలు ఎక్కువైతే కాలమ్ ఏమీ పొంగిపోదు.

వ్యూస్ గురించి అడుగుతారని తెలుసు, ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో మొదలైతే చాలు, ఎంతసేపు చూశారనేది లేకుండా, వ్యూ కింద లెక్క. మళ్లీ తిరిగితే మళ్లీ ఒకటి. అంతకుముందు లెక్క ఎంగేజ్డ్ వ్యూస్ అని పక్కకు వెళ్లింది. కాబట్టి ఆ తర్వాత వ్యూస్ పెరిగాయని సంబరపడి కెమెరా కొనేసినవాళ్లు ఒక్కసారి ఆ పక్క అంకె కూడా చూసుకోండి, సోల చిన్నది చేసి కొలిస్తే ధాన్యం ఎక్కువే కనబడుతుంది.

అసలు నేను దెబ్బ తిన్నది ఎస్సెమ్మెస్ దగ్గర. కొన్నేళ్ల కిందట మా బడి పూర్వ విద్యార్థుల కలయికకి నాలుగొందల మందికి మెసేజ్ పెట్టాలి. తెలుగు మాస్టారి సన్మానం, ఇంగ్లిషులో పెడితే ఆయనే తిడతారని చక్కగా తెలుగులో రాశాను, నూటయాభై దాకా అక్షరాలు, ఒక మెసేజ్‌కి పట్టే నూట అరవై లోపలే కదా అనుకున్నాను. బల్క్ మెసేజ్‌ల వాడు పన్నెండొందల మెసేజ్‌లకి బిల్లు వేశాడు. గంటసేపు పోట్లాడాను. ఒప్పు వాడిదే.

ఎస్సెమ్మెస్‌లో ఉన్న చోటు 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఏడు బిట్లు సరిపెట్టారు, 160 అక్షరాలు పట్టాయి. తెలుగు ఆ ఏడు బిట్ల పట్టికలో లేదు, అన్ని భాషల అక్షరాలూ ఉండే యూనికోడ్ అనే పెద్ద పట్టికలో పంపాలి, ఒక్కోదానికి పదహారు బిట్లు. 70 దాటితే ముక్కలవుతుంది, ఆ ముక్కల్ని అవతల ఫోన్లో అతికించే సమాచారానికి కొంత చోటు పోతుంది కాబట్టి ఒక్కో ముక్కలో 67 మాత్రమే. నా నూటయాభై మూడు ముక్కలైంది. నాలుగొందల మందికి పన్నెండొందలు. ఇంకో తమాషా, మొత్తం ఇంగ్లిషులోనే రాసి ఎక్కడో ఒక్క రూపాయి గుర్తు పెట్టినా సాధారణంగా మెసేజ్ మొత్తం ఆ పదహారు బిట్ల లెక్కలోకి వెళ్లిపోతుంది. రూ. అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టుకుంటే బతికిపోతాం.

అక్షరాలు అన్నాను కదా, అక్కడ కూడా మెలిక ఉంది. "లక్ష్మి" ఎన్ని అక్షరాలు? రెండు. బళ్లో అలాగే నేర్చుకున్నాం. ఫోన్ని అడిగితే ఏడు అంటుంది. ల ఒకటి, క, పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, చివర గుడి. మనం ఒత్తు అనుకునేది దానికి పొల్లూ హల్లూ కలిపి రెండు. ఫారాల్లో "ఇరవై అక్షరాలకు మించకూడదు" అని ఉంటే తెలుగువాళ్ల ఇంటిపేరూ పేరూ కలిపి సగంలో తెగిపోయేది ఇందుకే.

టీ వస్తోందంటున్నారు. వచ్చేలోపు ఎవరి పేరు వాళ్లు తెలుగులో రాసి, గుళ్లూ దీర్ఘాలూ పొల్లులూ అన్నీ విడదీసి లెక్కపెట్టి చెప్పండి. సత్యనారాయణలు, శ్రీనివాసులు కొంచెం ఓపిక పట్టాలి.