హన్మకొండ డాబా మీద జాజ్: ఎవరి ఆల్బమ్ వాళ్లే తేవాలి

హలో అండీ, ఇది హన్మకొండలో మా ఇంటి డాబా. న్యూజెర్సీ నుంచి సెలవు మీద వచ్చినప్పుడల్లా పాత దోస్తులం ఇక్కడ కూర్చుని జాజ్, అంటే అమెరికాలో పుట్టిన ఆ సంగీతం, వింటాం. ఒక్కొక్కరు ఒక ఆల్బమ్ తేవాలి, ఎల్పీలో, అంటే పాతకాలం పెద్ద రికార్డులో, ఒక వైపు ఉన్నంత మేరకు ఆపకుండా వినాలి. స్కిప్ కొట్టొద్దు. ముందుగా ఉపన్యాసం అసలే వద్దు, ఏం చెప్పినా అయిపోయాకే. మీకు మాత్రం ఈ వీడియోలో పాట వినిపించలేను, కాపీరైట్ స్ట్రైక్ పడొచ్చు. అందుకే సౌండ్ తీసేసి నేనే మాట్లాడుతున్నా.

రికార్డ్ ప్లేయర్ ఎక్కడా అని వెతక్కండి, ఆ గోడ మీదున్న బ్లూటూత్ స్పీకరే. ఆ వినైల్ రికార్డుల సౌండే వేరంటారు కదా, ఉండొచ్చు. దోమల బ్యాట్ చప్పుడులో మాకంత తేడా తెలియదు.

కాజీపేట రైల్వేలో పనిచేసే మావాడు నైట్ డ్యూటీ నుంచి వచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చీకట్లో ఒంటరిగా వింటాడు. వాడి ఛాయిస్ ఎప్పుడూ సాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’. 1964 డిసెంబర్‌లో రికార్డ్ చేసింది, నాలుగు భాగాలు. నాకైతే అది నలుగురిలో వినేది కాదనిపిస్తుంది. వాడితో అంటే కొడతాడు.

నేను తెచ్చింది పియానో వాయించే బిల్ ఎవాన్స్ ‘వాల్ట్జ్ ఫర్ డెబ్బీ’. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్‌లో రికార్డ్ అయింది. మెట్లు దిగి వెళ్లే చిన్న బేస్‌మెంట్ అది. పియానో ఎంత మెత్తగా ఉంటుందంటే, వెనక గ్లాసుల చప్పుడు, జనం ముచ్చట్లు, ఎవరో నవ్విన నవ్వు, అన్నీ వినిపిస్తాయి. న్యూజెర్సీ రైల్లో ఇయర్‌ఫోన్స్‌తో ఎన్నోసార్లు విన్నాను గానీ, ఆ చప్పుళ్లు అడ్డమనిపించేవి. ఇక్కడ అమ్మ సర్వపిండి ప్లేట్లు పెడుతుంటే, పక్కింటి కుక్క మొరుగుతుంటే, క్లబ్ ఏదో డాబా ఏదో తెలియలేదు. ఆ రోజు బాస్ (మంద్రంగా మోగే పెద్ద తీగల వాయిద్యం) వాయించిన స్కాట్ లఫారో జులై 6న కారు ప్రమాదంలో పోయాడు, ఇరవై అయిదేళ్లకే. ఆ సంగతి ఆల్బమ్ అయ్యాకే చెప్పా. ముందే చెబితే అందరూ బాస్‌లో బాధే వెతుకుతారు.

కాలేజీలో పాఠాలు చెప్పే ఇంకో దోస్తు ‘టైమ్ అవుట్’ పెట్టాడు. 1959, డేవ్ బ్రూబెక్ బృందం. అందులో ‘టేక్ ఫైవ్’ పాల్ డెస్మండ్ కట్టింది, అయిదు దెబ్బల లెక్క. మృదంగం నేర్చుకుంటున్న వాడి కొడుకు వెంటనే తకతకిట అని మోకాలి మీద వేయబోయి ఆగిపోయాడు. మన ఖండచాపు తాళంలో రెండు ముందు, మూడు తర్వాత. ఇక్కడ తిరగేసి మూడు, రెండు. రెండు నిమిషాల్లో తకిట తక పట్టేశాడు.

ఇక అసలు హీరో మా పక్కింటి మామ. చిన్నప్పుడు సన్నాయి నేర్చుకుని, తర్వాత ఏళ్లకేళ్లు వరంగల్ పెళ్లి బ్యాండ్లలో క్లారినెట్ వాయించాడు. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో ‘సో వాట్’ నడుస్తుంటే, గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాం.

“స్వరాలు ఖరహరప్రియవేరా, నడక మాత్రం కాదు. మధ్యల అర స్వరం పైకి జరిగి మళ్ల కిందికొచ్చిండ్రు సూడు,” అన్నాడు.

అక్షరాలా అంతే. ఖరహరప్రియ మన కర్ణాటక రాగం, దాని స్వరాలే ఇక్కడి స్కేల్. ఆ పాటంతా ఒకే స్కేల్ మీద పదహారు బార్లు (తాళం ఆవర్తాల్లాంటివి), అర మెట్టు పైన అదే స్కేల్ ఎనిమిది, మళ్లీ కింద ఎనిమిది. ఆ స్కేల్‌ని వాళ్ల సంగీతంలో డోరియన్ మోడ్ అంటారని నేను యూట్యూబ్‌లో నేర్చుకున్నా, మామ వింటూనే పట్టేశాడు. పాత ఎల్పీలో ఆ వైపంతా టేప్ వేగం తేడా వల్ల శ్రుతి కొంచెం ఎక్కువుండేదని, 90లలోనే సరిచేశారని చెబితే, “దాంతోని ప్రాక్టీస్ చేసినోళ్లకు ఎంత టెన్షనో!” అని నవ్వాడు.

పోయేముందు, “ఎక్కువ సాక్సఫోనే, మా క్లారినెట్ ఏది?” అని నిలదీశాడు. దానికి క్లారినెట్ వాయించే బెన్నీ గుడ్‌మన్ ఉన్నాడు, 1938 జనవరి 16న కార్నెగీ హాల్‌లో చేసిన కచేరీ. అది రెండు ఎల్పీల సరుకు కాబట్టి వచ్చే ఆదివారం ఆరింటికే మొదలుపెడుతున్నాం. మామ తన క్లారినెట్ కూడా తెస్తానన్నాడు, కింద అద్దెకున్నవాళ్లకు ముందే చెప్పిపెట్టాలి.